పొదుగు మీద మరక

కనకలక్ష్మి మెచ్చుకున్న మనిషి బోరబండలో ఇంతవరకు పుట్టలేదు. రైల్వే స్టేషన్‌కు ఇవతల ఉండేవాళ్లంతా ఆమె లెక్కలో సోమరిపోతులు, అవతల ఉండేవాళ్లు దొంగమొహాలు. హైటెక్ సిటీ వైపు అద్దాల మేడల్లో కూర్చుని పనిచేసేవాళ్ల ఊసు ఆమె ఎత్తేదే కాదు, వాళ్ల మీద నోరు పారేసుకోవడం నోటికే నామోషీ అని. ఈ తీర్పులన్నీ ఆమె పొద్దున్నే వాకిట్లో నిలబడి వేపపుల్ల నములుతూ, ఎవరూ అడగకుండానే ఇచ్చేది. వినేవాళ్లు తలవంచుకుని తమ దారిన తాము పోయేవారు. తిరిగి ఒక మాట అంటే పది మాటలు పడాలని గల్లీ మొత్తానికీ తెలుసు.

ఆమెది పెళ్లిగుర్రాల ఇల్లు. మామ కాలంలో జట్కాబండి ఉండేది. ఆటోలు వచ్చి జట్కాలను మింగేశాక ఆయన గుర్రాలకు తళుకుల బట్టలు కప్పి బరాత్‌లకు, అంటే పెళ్లికొడుకుల ఊరేగింపులకు, తోలడం మొదలుపెట్టాడు. సంగారెడ్డి పక్క పల్లెలో బర్రెల మధ్య పెరిగిన కనకలక్ష్మి కాపురానికి వచ్చిన కొత్తలో గుర్రమంటే ఆమడదూరం పరిగెత్తేది. మామ ఆమె చెయ్యి పట్టుకుని గుర్రం పొట్ట మీద పెట్టించి, పిల్ల కదలడం ఎట్లా ఉంటుందో చూపించాడు. ఆ రోజు నుంచి ఆమెకు గుర్రాలే లోకమయ్యాయి. మామకు ఒక్కగానొక్క కొడుకు, ఆమె మొగుడు సాయిలు ఉన్నాడు గానీ, అతనికి మీసం మెలేయడం తప్ప వేరే పని వంటబట్టలేదు. ఆ మాట ఆమే అనేది, అతని ఎదుటే, చుట్టాల మధ్య.

చూడిగుర్రం ఎప్పుడు ఈనుతుందో చెప్పడంలో మాత్రం ఆమెను మించినవాళ్లు లేరు. ఇది ఆమె గొప్పలు చెప్పుకున్నది కాదు, నిజం. బాలానగర్ నుంచి, ఇంకా అవతల నుంచి గుర్రాలవాళ్లు వచ్చి పిలుచుకుపోయేవారు. ఆమె వెళ్లి, ముందు ఆ ఇంటివాళ్లను నాలుగు తిట్టి, తర్వాత గుర్రాన్ని చూసేది.

"పొదుగు నిండంగనే ఎగురుతరు తెలివి లేనోళ్లు," అనేది. "పొదుగు ముందుగాలనే నిండుతది. కడుపు కిందికి జారుతది, తోక మొదలు కాడ కండ మెత్తగైతది. రెండు మూడు ఈతలైన గుర్రానికి అదెప్పుడూ మెత్తగనే ఉంటది, దాన్ని నమ్మి జాగారం చేసినోడు పిచ్చోడు. చన్ను కొనకు మైనం కట్టాలె. పసుపుపచ్చగ, జొన్నగింజంత. అది కనబడ్డదంటే ఇగ గుర్రాన్ని కదిలియ్యొద్దు, కొట్టంల గడ్డి పరిచి కూసోవాలె."

ఆమె అన్నట్టే జరిగేది. మైనం కట్టని గుర్రం ఈనేది కాదు, కట్టింది ఆగేది కాదు. అట్లా ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకు ఒక సంగతి రూఢి అయిపోయింది: ఈ భూమ్మీద కళ్లున్నది తనకొక్కదానికేనని.

ఇంట్లో ఒకప్పుడు నాలుగు గుర్రాలు ఉండేవి. ఇప్పుడు మిగిలింది మోతి ఒక్కతే. తెల్లగుర్రం, నెమ్మదైనది, పటాకులు పేలినా చెవి ఆడించి ఊరుకునేది. దానికి వయసు మీద పడుతోంది, అయినా ఇప్పుడు చూడితో ఉంది. కొడుకు రాకేశ్ ఆఫీసుల క్యాబ్ నడుపుతాడు, కొట్టం కూలగొట్టి ఆ జాగాలో హాస్టల్ పిల్లలకు కిరాయి రూములు కట్టాలని పట్టుబట్టాడు. తల్లీకొడుకులు పెద్ద రభస చేసుకుని చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. మోతికి ఈసారి పుట్టే పిల్ల బతికి బట్టకడితే కొట్టం ఉంటుంది, లేకపోతే గుర్రాల ముచ్చట ఇంతటితో సరి. కాబట్టి మోతి కడుపులో ఉన్నది ఉత్త పిల్ల కాదు. కనకలక్ష్మి పుట్టి బుద్ధెరిగి నేర్చుకున్న ఒకే ఒక్క విద్య అందులో ఉంది.

ఇక కోడలు వర్షిత. జగద్గిరిగుట్ట పిల్ల. పెళ్లికి ముందు మాదాపూర్‌లో ఒక ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చునేది. చూలాలయ్యాక మానేసింది. కాన్పు కష్టమై దవాఖానలో ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. ఆ పిల్లను కనకలక్ష్మి ఎత్తుకుని ముద్దాడేది గానీ, కన్నదాన్ని మాత్రం ఆనాటి నుంచి మనిషి కింద జమకట్టలేదు. కోత కాన్పు అన్నది ఆమె దృష్టిలో ఆడదాని బద్ధకం. నొప్పులు పడలేక డాక్టర్లతో కుమ్మక్కై కోయించుకుందని ఆమె గట్టి నమ్మకం.

అయినా కొట్టంలో పని ఎక్కువ చేసేది వర్షితే. లద్దె ఎత్తేది, నీళ్లు పట్టేది, మోతిని కడిగేది. రోజూ దగ్గర మసులుతుంది కాబట్టి ఆమె కళ్లు కూడా కళ్లే. ఒక పొద్దున, గల్లీలోనే ఇంకో పెళ్లిగుర్రం పెట్టుకుని బతికే ఐలయ్య దాణా అరువడగడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. నల్లా దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు బిందెలతో ఉన్నారు. వర్షిత అత్త దగ్గరికి వచ్చింది.

"అత్తమ్మా, మోతి కడుపు కిందికి జారినట్టు కొడుతున్నది. జర చూడరాదు."

కనకలక్ష్మి తల కూడా తిప్పలేదు.

"కత్తి పెట్టి కోస్తే గాని బిడ్డను కననిదానివి, నువ్వా నాకు ఈతల సంగతి చెప్పేది?"

ఐలయ్య పడీపడీ నవ్వాడు. నల్లా దగ్గర ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకున్నారు. వాళ్లలో ఒకామెకు రెండూ కోత కాన్పులే, ఆమె కూడా నవ్వింది. వర్షిత బకెట్ తీసుకుని లోపలికి పోయింది. ఆ తర్వాత ఆమె అత్తతో మాట్లాడిన మాటలు చాయ్ అయింది, నీళ్లొచ్చినయ్, పిల్ల లేచింది, ఇంతే. కోడలికి ఇప్పటికి బుద్ధి వచ్చిందని కనకలక్ష్మి సంతోషించింది. నోరు మూయించడాన్ని నేర్పించడం అనుకునే మనుషులు ఉంటారు, ఆమె వాళ్లలో పెద్ద.

ఆ సంతోషం చాలదన్నట్టు ఇంకొకటి జరిగింది. మణికొండలో ఒక బరాత్‌కు మోతిని తీసుకుపోతే, పెళ్లికూతురి తరఫు పిల్ల ఒకతి గుర్రం పొట్ట కింద పచ్చటి మరక చూసి ముక్కు మూసుకుంది. అది లద్దె మరకే. అయితే ఆ పిల్ల దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పదిమందికి చూపించింది. ఇంటికి వచ్చిన కనకలక్ష్మి వర్షితను వాకిట్లో నిలబెట్టి కడిగేసింది.

"ఇంటి ఇజ్జత్ తీసినవ్. ఇగ చూడు, పొద్దుమాపు నేను కొట్టంలకు వచ్చేసరికి కడుపు కింద, పొదుగు మీద, తొడల నడుమ మరకన్నది కనబడొద్దు. వేన్నీళ్ల బట్టతోని తుడువు. కనబడ్డదా, నీ సంగతి చెప్త."

వర్షిత సరేనంది. అన్నట్టే చేసింది. కనకలక్ష్మి తెల్లవారి గడ్డి కొనడానికి పోయి వచ్చేలోపు ఒకసారి, సాయంత్రం ఆమె గుర్రాన్ని చూడవచ్చేముందు ఒకసారి, వేన్నీళ్లలో ముంచిన మెత్తటి బట్టతో పొదుగంతా తుడిచిపెట్టేది. కనకలక్ష్మి వచ్చి వంగి చూస్తే పొదుగు నిండుగా, చన్నులు తళతళలాడుతూ ఉండేవి. మైనం జాడ లేదు.

ఆ రోజుల్లోనే సాయిలు కోకాపేట పెళ్లికి బయానా తీసుకున్నాడు. పెళ్లివాళ్లు కోస్తావాళ్లు, తెల్లగుర్రమే కావాలన్నారు. సంగతి తెలిసి ఐలయ్య వచ్చాడు.

"కనకక్కా, మోతి నిండు చూడితోని ఉన్నది. నా గుర్రాన్ని తోల్కపో. పైసల ముచ్చట తర్వాత చూసుకుందం."

మనిషి అప్పుడప్పుడు మంచి మాట కూడా అంటాడు. కనకలక్ష్మి దాన్ని చెవిన పడనిస్తే కదా.

"నీ గుర్రానికి పక్కటెముకలు ఎంచొచ్చు ఐలయ్యా. దాని మీద కూసోబెడితే పెండ్లికొడుకుని పెండ్లికి తీస్కపోతున్నమో, కాటికి తీస్కపోతున్నమో తెల్వదు. మైనం కట్టలే. ఇంకా జాగుంది. నాకు తెల్వదా?"

సాయిలు కూడా గొణిగాడు, దాణా సరిగా తినడంలేదు, ఊరికే వెనక్కి తిరిగి డొక్క చూసుకుంటోందని. మీసం దువ్వుకొమ్మని చెప్పి అతన్ని పంపేసింది.

కోకాపేట బరాత్ పొద్దు వాలే వేళ బయల్దేరింది. ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టు కట్టిన టవర్ల మధ్య రోడ్డు, ముందు డీజే బండి, వెనక నల్లకళ్లద్దాల జనం. సాయిలుకు మోకాళ్ల నొప్పులని చాలాకాలంగా కళ్లెం పట్టి నడిచేది కనకలక్ష్మే. ఆడమనిషి గుర్రం పట్టుకుందని పెళ్లికి వచ్చిన పిల్లలు ఆమె పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. ఆమె ప్రతి సెల్ఫీలోనూ కంపు కొట్టేదాన్ని చూసిన మొహమే పెట్టింది. పెళ్లికొడుకు బాలు సాఫ్ట్‌వేర్ వాడు, గుర్రం ఎక్కడానికి ముగ్గురు ఎత్తాల్సి వచ్చింది. ఎక్కాక జీను వదలకుండా పట్టుకుని, ప్రాణం అరచేతిలో పెట్టుకున్నవాడిలా కూర్చున్నాడు. వీడు కంప్యూటర్లను ఎట్లా తోలుతున్నాడో అనుకుంది కనకలక్ష్మి.

పెళ్లికొడుకు తండ్రి సోమేశ్వరరావు కరెంటు ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. పెద్దమనిషి. ఆయన పక్కనే నడుస్తూ రెండుసార్లు మోతి మొహంలోకి చూశాడు.

"అమ్మా, గుర్రం నలతగా ఉన్నట్టుందండి. మెడంతా చెమటలు పడుతున్నాయి. కాసేపు ఆపుదామా?"

"గుర్రానికి చెమట రాక పన్నీరు వస్తదా సార్? మీరు మీ చుట్టాలను చూసుకోండ్రి. ఫికర్ చేయకుండ్రి."

ఆయన పాపం నొచ్చుకుని వెనక్కి తగ్గాడు.

ఫంక్షన్ హాల్ గేటు కనబడుతుండగా మోతి ఆగిపోయింది. ముందరి కాలితో తారురోడ్డును గీకడం మొదలుపెట్టింది. మళ్లీ గీకింది. డీజేవాడు పాట మార్చాడు. వీడియోవాడు పరిగెత్తుకొచ్చి కింద కూర్చుని కాళ్లను తీస్తూ, గుర్రం డాన్స్ అదరగొడుతోందని అరిచాడు. జనం ఈలలు వేశారు. ఎవరో మోతి మీద పూలరేకులు చల్లారు. ఇంతమంది చదువుకున్నవాళ్లు గుమిగూడి ఒక నొప్పుల గుర్రాన్ని చూసి చప్పట్లు కొడుతున్నారు. చదువు లేని కనకలక్ష్మి కూడా వాళ్లకంటే మెరుగేం కాదు. ఒక క్షణం ఆమె కూడా మోతికి పొగరెక్కిందనే అనుకుంది, కళ్లెం గుంజింది.

అప్పుడు మోతి మెడ తిప్పి తన డొక్క వైపు చూసింది. కనకలక్ష్మి కళ్లెం వదులు చేసింది. పొట్ట మీద కప్పిన జరీబట్ట ఎత్తి చూస్తే వెనక తొడల మీదుగా పాలు ధారలుగా కారుతున్నాయి.

"దిగు బిడ్డా, దిగు," అని పెళ్లికొడుకు షేర్వాణీ పట్టి కిందికి లాగేసింది. తలపాగా ఒకవైపు, చెప్పు ఒకవైపు పడ్డాయి. సోమేశ్వరరావు కంగారుపడుతూ వచ్చాడు.

"అదేంటండీ, ఇంకో పది అడుగులు వేస్తే..."

"పది అడుగులు నువ్వేయి సార్," అని ఆమె మోతిని పక్కకు తిప్పింది.

రోడ్డు పక్కన సగం కట్టి వదిలేసిన టవర్ ఒకటి ఉంది, చుట్టూ రేకులు. రేకుల సందులోంచి లోపలికి తీసుకుపోయి, ఇసుక పోసిన చోట నిలబెట్టింది. మోతి అక్కడే కూలబడింది. బయట డీజే ఆగలేదు. పెళ్లికొడుకు నడిచి వెళ్లి పెళ్లి చేసుకున్నాడు, కొంప మునగలేదు. కొంతమంది కుర్రాళ్లు రేకుల మీదుగా ఫోన్లు ఎత్తి వీడియో తీశారు. కనకలక్ష్మి వాళ్ల తల్లులను తిడుతూనే ఉమ్మనీరు కారడం చూసింది, ముందరి గిట్టలు చూసింది, ముక్కు చూసింది. చీరకొంగుతో పట్టి లాగింది. పిల్ల బయటపడింది. ఆడపిల్ల, నుదుట తెల్లబొట్టు. ఊపిరి తీసింది.

బరాత్ వెనక నడిచొచ్చిన సాయిలు ఏడ్చేశాడు. కనకలక్ష్మి ఏడవలేదు గానీ, చాలా ఏళ్ల తర్వాత ఆమె మొహంలో తిట్టు లేదు. కొట్టం నిలబడిందని, రాకేశ్ నోరు మూతబడిందని, తన చేతుల మీదే అంతా జరిగిందని ఆమెకు ఒళ్లంతా పులకరించింది. పిల్ల వణుకుతూ లేచి, పడి, మళ్లీ లేచి పొదుగు వెతుక్కుంది.

అది తాగుతుంటే కనకలక్ష్మి, మోతి రెండో చన్ను నుంచి నాలుగు చుక్కలు అరచేతిలోకి పిండి చూసింది. తెల్లటి పలచటి పాలు. జున్నుపాలు చిక్కగా, పచ్చగా, వేళ్లకు అంటుకోవాలి. అవి పిల్లకు మొదటి పూట దొరక్కపోతే ఒంట్లో రోగాన్ని ఆపే బలం ఉండదని మామ చెప్పాడు. మోతి పొదుగులో జున్నుపాలు లేవు. కారిపోయాయి. ఇవాళ కాదు, కొన్ని రోజులుగా కారుతూ ఉంటేనే ఇట్లా అవుతుంది.

ట్రాలీ ఆటోలో తల్లినీ పిల్లనూ ఇంటికి చేర్చారు. వర్షిత గడ్డి పరిచి సిద్ధంగా ఉంది. కనకలక్ష్మి ఆమె రెక్క పట్టుకుంది.

"పొదుగు తుడిచేటప్పుడు ఏమన్న చూసినవా?"

"చూసిన."

"ఏం చూసినవ్?"

"పసుపుపచ్చగ గింజలోలె కట్టినయ్ చన్నులకు. తుడిచిన. మల్ల కట్టినయ్, మల్ల తుడిచిన. ఆ తర్వాత పాలు కారుడు పెట్టినయ్. అవ్వి గూడ తుడిచిన."

"మరి చెప్పవేందే?"

వర్షిత చెయ్యి విడిపించుకుంది. ఆమె గొంతు పెద్దది చేయలేదు.

"మరక కనబడొద్దన్నవ్, కనబడనియ్యలే. కడుపు జారింది అని చెప్పిన పొద్దు నువ్వేమన్నవో యాదికున్నదా అత్తమ్మా? కోయించుకున్నదానికి నాకేం తెలుస్తది. అదేందో నాకు నిజంగనే తెల్వదు. తెలిసినా చెప్పకపోదును."

కనకలక్ష్మి పోయి గుర్రప్పిల్ల పక్కన కూర్చుంది.

పశువుల డాక్టరు వచ్చాడు, సెలైన్లు పెట్టాడు, ఆలస్యమైందన్నాడు. కొన్ని పూటలు పిల్ల కొట్టంలో గెంతింది, గల్లీ పిల్లలు చూడవచ్చారు. తర్వాత మోకాళ్లు వాచాయి. పాలు మానేసింది. ఒంటి వేడి చెయ్యి కాల్చేంతగా పెరిగింది. కనకలక్ష్మి తడిబట్టతో తుడుస్తూనే ఉంది, తిండి మానేసి, నిద్ర మానేసి. ఒక మధ్యాహ్నం అది ఆమె ఒడిలో తల పెట్టి పోయింది. మోతి దాన్ని ముక్కుతో పొడుస్తూ లేపడానికి చూసింది. ఆ చూపు కనకలక్ష్మి భరించలేకపోయింది.

గల్లీ అంతా వచ్చింది. ఐలయ్య వచ్చాడు, నల్లా దగ్గరి ఆడవాళ్లు వచ్చారు. సాయిలు అందరికీ డీజే మోత గురించి, కోకాపేటవాళ్ల పొగరు గురించి చెబుతున్నాడు, వాళ్లు తలలూపుతున్నారు. వర్షిత తన కూతుర్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు తన పేరు వస్తుందని ఆమెకు తెలుసు, వినడానికి సిద్ధపడే నిలబడింది.

"ఏమైంది కనకక్కా?" అన్నాడు ఐలయ్య. "నీ చేతుల గిట్లెన్నడూ కాలే గదా."

కనకలక్ష్మి లేచింది. డీజే మీదికి నెట్టవచ్చు, అందరూ నమ్ముతారు. కోడలి మీదికి నెట్టవచ్చు, ఇంకా బాగా నమ్ముతారు. ఆమె రెండూ చేయలేదు. జీవితంలో మొదటిసారి ఉన్నమాట చెప్పాలని నిశ్చయించుకుంది. వర్షిత వైపు తిరిగింది.

"నేనే గుర్తువట్టలే. నా కోడలే నయం. దానికి కనబడ్డది, నాకు కనబడలే. నాకంటే దానికే ఎక్కువ తెలుసు."

మాట నిజం. కానీ ఇరవై ఏళ్లుగా ఎవరిని ఎత్తిపొడిచినా ఇవే మాటలతో, ఇదే గొంతుతో ఎత్తిపొడిచింది. ఆమె దగ్గర ఇంకో గొంతు లేదు. ఐలయ్య నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

"ఇవ్వాళన్న ఆ పిల్లను ఇడిసిపెట్టరాదు అక్కా, పాపం," అన్నాడు.

ఆడవాళ్లు వర్షిత వైపు జాలిగా చూశారు. వర్షిత కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కనకలక్ష్మి తలుపు దగ్గరికి వెళ్లి అదే మాట మళ్లీ అంది, ఈసారి మెత్తగా అనాలని చూసింది. అది ఇంకా వెటకారంగా వినబడింది.